సైకిలు యాత్రికుని మూట

1884 వ సంవత్సరం ఏప్రిల్ 22 వ తేదీ ఉదయం 8 గంటలకు థామస్ స్టీవెన్స్ అనే యువకుడు శాన్‌ఫ్రాన్సిస్కో నగరం నుండి సైకిలు మీద తూర్పుదిక్కుగా బయలుదేరాడు. అప్పటికి ఆయన వయస్సు 29 ఏండ్లు. పుట్టింది ఇంగ్లండులో, పొట్టకూటికి అమెరికా వచ్చి గనులలో, కర్మాగారాలలో పనిచేసినవాడు. ఆయన వెంట తీసుకొన్న సామానంతా హ్యాండిలుకు కట్టిన ఒక చిన్న సంచిలో ఇమిడిపోయింది. కొన్ని మేజోళ్ళు, ఒక మారుచొక్కా, ఒక చిన్న రివాల్వరు, ఒక వానకోటు - ఇంతే. వాన కురిస్తే అది కోటు. రాత్రి అయితే అదే గుడారము, అదే పడక. ఈ మూటతో ఆయన 104 రోజులలో, అంటే ఆగస్టు 4 వ తేదీకి, సుమారు 3,700 మైళ్ళు దాటి అట్లాంటిక్ తీరాన ఉన్న బోస్టన్ చేరాడు. అమెరికా ఖండాన్ని సైకిలు మీద ఈ కొసనుండి ఆ కొసకు దాటిన మొదటి మనిషి ఆయనే.

సైకిలు మీద అని వ్రాశాను గాని ఆ దూరంలో సుమారు మూడవవంతు ఆయన సైకిలును నడిపించుకొంటూ కాలినడకన సాగినదే. ఆనాడు ఖండం పొడుగునా బండ్లు నడవదగిన బాట లేదు. సియెర్రా నెవాడా పర్వతాలలో మంచు పట్టాలమీద పడకుండా రైలుదారికి కొయ్య కప్పు వేసి ఉండేది. ఆ చీకటి సొరంగం వంటి దారిలో స్టీవెన్స్ నలభై మైళ్ళ పర్యంతం నడిచాడు. ఒకసారి వంతెన మధ్యలో ఉండగా రైలు వచ్చింది. పట్టాల ప్రక్కకు పొడుచుకొని వచ్చిన దూలం కొసను కూర్చొని, ఒక చేత్తో సైకిలును వంతెన వెలుపలికి వ్రేలాడదీసి పట్టుకొని, రైలు పోయేదాకా ఊపిరి బిగబట్టవలసి వచ్చింది. ఆ సమయాన ఆ సైకిలుకు ఇంకొక పది పౌనుల మూట కట్టి ఉన్నట్లయితే ఏమయ్యేదో పాఠకులే ఊహించుకోవచ్చును. దూరప్రయాణానికి సామాను ఎంపిక చేసుకోవడం అనేది సుఖానికి సంబంధించిన విషయంగా మనకు కనిపిస్తుంది. దాని చరిత్ర చూస్తే ఎన్నోచోట్ల అది ప్రాణానికి సంబంధించిన విషయమై ఉన్నది.

స్టీవెన్స్ ఎక్కినది మనం ఎరిగిన సైకిలు కాదు. ముందు చక్రం 50 అంగుళాల వ్యాసం గలది, వెనుక చక్రం చిన్న బొమ్మ చక్రం వంటిది. చైను లేదు, పెడళ్ళు సూటిగా ముందు చక్రపు ఇరుసుకే బిగించి ఉంటాయి. పెడలు ఒక చుట్టు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. 50 అంగుళాలను 3.14 తో గుణిస్తే 157 అంగుళాలు, అంటే సుమారు 13 అడుగులు. ఒక త్రొక్కుడుకు అంత దూరం. చక్రం ఎంత పెద్దదైతే అంత వేగం. కాని కాలు పెడలుకు అందాలి గదా! కాబట్టి సైకిలు వేగానికి మనిషి కాలి పొడవే హద్దు.

ఇక్కడ విద్యార్థులకు ఒక వింత చెప్పవలసి ఉన్నది. ఆ ఎత్తుచక్రాల సైకిళ్ళు పోయి నూరేండ్లు దాటినా, ఇంగ్లండులోను, అమెరికాలోను ఈనాటికీ సైకిలు గేరును అంగుళాలలోనే చెప్పుతారు. 70 అంగుళాల గేరు అంటే 70 అంగుళాల వ్యాసం గల ఎత్తుచక్రంతో సమానం అని అర్థం. మన వీధిసైకిలును తీసుకొని లెక్క వేయవచ్చును. చక్రం వ్యాసం 28 అంగుళాలు. పెడళ్ళ దగ్గరి పెద్ద చక్రానికి 44 పళ్ళు, వెనుక ఫ్రీవీలుకు 18 పళ్ళు ఉన్నాయనుకొందాము. 28 ని 44 తో గుణించి 18 తో భాగిస్తే 68 పైచిలుకు. అంటే మన సైకిలు స్టీవెన్స్ సైకిలు కంటె ఒక్కొక్క త్రొక్కుడుకు ఎక్కువ దూరం పోతుంది. ఎత్తుకు ఎక్కేటప్పుడు అంతకంత బరువుగానూ ఉంటుంది. మీ ఇంటి సైకిలుకు పళ్ళు లెక్కపెట్టి చూడండి.

ఎత్తుచక్రం మీద మూట ఎందుకు చిన్నదిగా ఉండవలసి వచ్చింది? సవారుడు కూర్చొనేది ముందు చక్రపు ఇరుసుకు దాదాపు నెత్తిన. అతని గరిమనాభి నేలకు ఎంతో ఎత్తున, ఇరుసుకు కొద్దిగా మాత్రమే వెనుకగా ఉంటుంది. చక్రానికి ఒక రాయి అడ్డుపడి ఆగిందంటే, మనిషి, సీటు, వెనుకచక్రం అన్నీ కలిసి ఇరుసు చుట్టూ ముందుకు తిరుగుతాయి. సవారుడు తలక్రిందులుగా పడతాడు. హ్యాండిలుకు బరువు కట్టితే ఈ ప్రమాదం హెచ్చుతుంది. పోనీ వెనుక కట్టుదామా అంటే, ఆ సైకిలు ఎక్కడమే వెనుకనుండి: వెన్నుగొట్టానికి ఉన్న చిన్న మెట్టు మీద ఎడమకాలు మోపి, కుంటుతూ పరుగెత్తి, సీటు మీదికి జారాలి. అక్కడ పెద్ద మూట ఉంటే ఎక్కడం కుదరదు. ఆ విధంగా స్టీవెన్స్ నిరాడంబరతలో సగం ఆయన గుణము, సగం యంత్రపు నిర్బంధము.

మరుసటి సంవత్సరం, 1885 మే 4 వ తేదీన, ఆయన లివర్‌పూల్ నుండి మళ్ళీ బయలుదేరాడు. ఐరోపా, తుర్కీ, పారశీకం దాటాడు. ఆ శీతకాలం టెహరానులో గడిపాడు. 1886 లో ఆఫ్ఘనిస్తానంలో ప్రవేశించగా అక్కడి అధికారులు అడ్డగించి వెనుకకు పంపివేశారు. చుట్టు తిరిగి ఓడ మీద కరాచీ చేరి, లాహోరు నుండి కలకత్తా వరకు గ్రాండ్‌ట్రంక్ రోడ్డు మీద సైకిలు త్రొక్కాడు. కంకర పరిచిన ఆ రోడ్డును ఆయన తన గ్రంథంలో మెచ్చుకొన్నాడు. తరువాత చీనా, జపాను. 1886 డిసెంబరు 17 న యొకొహామాలో యాత్ర ముగిసేసరికి చక్రాల మీద సాగిన దూరం సుమారు 13,500 మైళ్ళు. ఇంత దూరం అంత చిన్న మూటతో ఎట్లా సాగింది అంటే, మూటలో లేనిదంతా దారి ప్రక్కవారు పెట్టారు అన్నదే సమాధానము. పడక పల్లెటూరివారిది, రొట్టె రైలు కూలీలది, అరబస్తా ధాన్యం మీద నిద్ర ఏ బాటసారుల సత్రానిదో. సామాను తగ్గించుకొన్న యాత్రికుడు తన బరువును ఎవరో ఒకరి మీద పెట్టుతున్నాడు. ఆయన వ్రాసిన రెండు సంపుటాలు చదివేవారు ఈ సంగతిని గమనించాలి. ఆ ఆతిథేయుల పేర్లు చాలామట్టుకు అందులో లేవు.

స్టీవెన్స్ చీనా చేరకముందే ఆ ఎత్తుచక్రానికి కాలం చెల్లనారంభించింది. 1885 లో ఇంగ్లండులోని కవెంట్రీ నగరంలో జాన్ కెంప్ స్టార్లీ దాదాపు సమానమైన రెండు చక్రాలు, వెనుక చక్రానికి చైను గల సైకిలును చేశాడు. సవారుని కాళ్ళు నేలకు అందుతాయి, తలక్రిందులు కాడు. అందుకే దానికి క్షేమచక్రం అనే అర్థం గల పేరు వచ్చింది. కొద్ది ఏండ్లలో దాని చట్రం మనం ఈనాడు చూసే నాలుగు పలకల ఆకారానికి వచ్చింది. మన విషయానికి ముఖ్యమైనది ఏమంటే, సవారుని రెండు మోకాళ్ళ మధ్య ఒక ఖాళీ త్రికోణం ఏర్పడింది. వెనుక చక్రం మీద కూడా చోటు ఏర్పడింది. చరిత్రలో మొదటిసారిగా సైకిలు బరువు మోసే బండి అయింది.

ఆ త్రికోణాన్ని మొదట వాడుకొన్నవారిలో ఇద్దరు అమెరికను విద్యార్థులు ఉన్నారు. థామస్ ఆలెన్, విలియం శాక్‌ట్లెబెన్ 1890 లో సెంట్ లూయీ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పట్టం పుచ్చుకొని, వెంటనే భూమిని చుట్టిరావడానికి బయలుదేరారు. సైకిలు చట్రపు త్రికోణంలో సరిగా అమరే తోలుసంచులను తామే రూపొందించి, ఇంగ్లండు విడిచేలోపున వాటికి పేటెంటు కూడా తీసుకొన్నారు. వెంట కెమెరాలు ఉన్నాయి. గాజుపలకలకు బదులు చుట్టగా చుట్టే ఫిల్ము ఈస్ట్‌మన్ కంపెనీ అప్పుడప్పుడే ప్రవేశపెట్టింది. గాజుపలకల రోజులలో అయితే సైకిలు మీద అన్ని ఛాయాచిత్రాలు తీయడం ఊహకు అందని పని. తుర్కీలో అరారత్ పర్వతం ఎక్కారు. టెహరాను, సమర్ఖండు, తాష్కెంటు దాటి 1892 లో చీనా సరిహద్దున ఉన్న కుల్జా పట్టణం చేరారు. ముందున్నది గోబీ ఎడారి. అక్కడ జరిగిన మూట కట్టుడు మొత్తం సైకిలు యాత్రల చరిత్రలోనే నాకు అన్నిటికన్న ఆసక్తికరంగా తోస్తుంది.

మామూలుగా ప్రయాణమంటే ఏమేమి తీసుకొనిపోవాలో ఆలోచిస్తాము. ఆ ఇద్దరూ ఏమేమి వదలాలో ఆలోచించారు. అవసరమైతే విశ్రాంతి లేకుండా పరుగు తీయవలసి వస్తుందని వారికి తెలుసు. హ్యాండిళ్ళను, సీటు కాడలను కోయించి పొట్టి చేయించారు. తాము పేటెంటు తీసుకొన్న తోలుసంచులనే తీసి పారవేశారు. వాటికి మారుగా ఉన్ని శాలువలతోను, నూనె పట్టించిన చీనా కిత్తాను గుడ్డతోను కుట్టించిన నిద్రసంచులు కట్టుకొన్నారు. బట్టలకున్న అదనపు బొత్తాములు కోసివేశారు. తలలు, గడ్డాలు కూడా గొరిగించుకొన్నారు. అది కూడా బరువు తగ్గించే లెక్కలోనిదేనని స్నేహితులు వేళాకోళం చేశారట. చివరకు సుయ్‌దున్ అనే ఊరిలో తమ కెమెరాలలో ఒకదానిని ఒక చీనా ఛాయాచిత్రకారునికి అమ్మివేసి, ఆ చోటున తిండిసంచి ఒకటి పెట్టుకొన్నారు. మిగిలిన ఫిల్మును, అదనపు సామానును సైబీరియా మీదుగా పెకింగుకు తపాలాలో పంపారు.

బొత్తాముల బరువు ఎంత అని మనకు నవ్వు రావచ్చును. నిజానికి బొత్తాములలో పొదుపైనది ఏమీ లేదు. కాని కెమెరా సంగతి వేరు. ఆ ప్రయాణంలో వారు తీసిన చిత్రాలు ఆనాటి తుర్కీ, పారశీక, మధ్య ఆసియా ప్రజల జీవితాన్ని మన కండ్ల ముందు నిలుపుతున్నాయి. ఎడారికి ముందు అటువంటి పనిముట్టు ఒకటి అమ్మి రొట్టె కొనుక్కోవడమంటే, చూడబోయేదానిలో కొంత భాగాన్ని లోకానికి చూపకుండా వదలుకోవడం. వారు బ్రదికి రావడానికి చేసిన ఆ బేరం సరియైనదే అని నా అభిప్రాయము. ఐతే బేరం మాత్రం చిన్నది కాదు.

ఇంకొక బరువును వారు ఎక్కడా వదలలేకపోయారు. అది డబ్బు. లండను బ్యాంకు ఇచ్చిన హుండీకాగితం తుర్కీ దాటిన తరువాత చాలచోట్ల చెల్లలేదు. చీనా లోపలి ప్రాంతాలలో ఆనాడు చెల్లేవి వెండి ముద్దలు, నడుమ రంధ్రం గల రాగి ఇత్తడి కాసులు. వెండిని ముక్కలు కోసి, తక్కెడలో తూచి ఇవ్వాలి. కాసులను త్రాటికి గ్రుచ్చి దండలుగా మోయాలి. ఒక్క రూపాయి విలువ చేసే చిల్లర ఎంత బరువు తూగేదో! యాత్ర సాగినకొద్దీ ఖర్చు అయి తేలిక అయ్యే బరువు ఇది. ఆ సంవత్సరం నవంబరులో వారిద్దరూ పెకింగు చేరారు.

అందరికీ అటువంటి అదృష్టం లేదు. ఫ్రాంక్ లెంజ్ అనే మరొక అమెరికను 1892 లో కెమెరా వీపున కట్టుకొని ఒంటరిగా భూప్రదక్షిణకు బయలుదేరి, చీనా, బర్మా, ఇండియా, పారశీకం దాటి, 1894 లో తూర్పు తుర్కీలో అదృశ్యమయ్యాడు. అతనిని వెదకడానికి 1895 లో పోయినవాడు ఈ శాక్‌ట్లెబెనే. లెంజ్ హత్యకు గురి అయ్యాడని తేలింది గాని శరీరం దొరకలేదు.

ఇంతలో గాలి టైరు వచ్చింది. 1888 లో బెల్‌ఫాస్టు పట్టణంలో పశువైద్యుడుగా ఉన్న జాన్ బాయ్‌డ్ డన్‌లప్ తన కుమారుని మూడుచక్రాల బండికోసం దానిని తయారుచేశాడు. స్టీవెన్స్ చక్రాలకు ఉన్నది గట్టి రబ్బరు; అది రిమ్ము నుండి ఊడిపోవచ్చును గాని పంక్చరు కాదు. గాలి టైరు రాగానే త్రొక్కడం తేలిక అయింది. మూట మాత్రం పెరిగింది. పంపు, అతుకులు, రబ్బరు సొల్యూషన్, అదనపు ట్యూబు, టైరును రిమ్ము నుండి విడదీసే పట్టీలు - ఇవన్నీ కొత్తగా వచ్చిన బరువులు. ఐనా ఈ బేరంలో లాభమే ఎక్కువ. గతుకులలో టైరులోని గాలి నొక్కుకొని మరల వ్యాకోచిస్తుంది. సవారుడు, మూట ఎగిరిపడడంలో వృథా అయ్యే శక్తి మిగులుతుంది. కట్టిన త్రాళ్ళు, సంచుల కుట్లు కూడా ఎక్కువకాలం మన్నుతాయి.

గుడారాన్ని, పొయ్యిని సైకిలు ఎక్కించినవాడు ఒక దర్జీ. ఆయన పేరు థామస్ హైరం హోల్డింగ్, ఊరు లండను. చిన్నతనంలో, 1853 లో, తల్లిదండ్రులతో కలిసి బండ్ల వరుసలో అమెరికా మైదానాలు దాటినప్పుడు గుడారపు బ్రదుకు రుచి మరిగాడు. 1897 లో ఐర్లండు పడమటి భాగాన సైకిలు మీద గుడారం తీసుకొని తిరిగి, మరుసటి ఏడు దానిని గురించి పుస్తకం వ్రాశాడు. 1901 లో ఆయన పూనికతో సైకిలు గుడారవాసుల సంఘం ఏర్పడింది. 1908 లో ఆయన వ్రాసిన కరదీపిక చాలకాలం ఈ విద్యకు పాఠ్యగ్రంథంగా ఉండేది. గుడ్డ బరువు, కుట్టు బలము, మడత పరిమాణము ఎరిగిన దర్జీ చేతిలో పడబట్టే గుడారం సైన్యపు బండ్ల మీదనుండి దిగి సైకిలు క్యారియరు మీదికి వచ్చింది.

పొయ్యి మన ఇండ్లలో అందరూ ఎరిగినదే. 1892 ప్రాంతాన స్వీడనులో ఫ్రాన్స్ లిండ్‌క్విస్ట్ రూపొందించిన ప్రైమస్ పొయ్యి అది. మన ముందు తరం గృహిణులు పిన్నుతో పొడుస్తూ, పంపు కొడుతూ దానితో పడిన పాట్లు పెద్దలను అడిగితే చెబుతారు. వత్తి లేదు. గాలి ఒత్తిడివల్ల కిరసనాయిలు పైకి ఎక్కి, వేడెక్కిన గొట్టంలో ఆవిరియై, సన్నని రంధ్రం గుండా వెలువడి నీలిమంటతో మండుతుంది. పొగ లేదు, వేడి ఎక్కువ, నూనె ఖర్చు తక్కువ. ధ్రువప్రాంతాలకు పోయిన నాన్సెన్ వంటి అన్వేషకులు దీనిని వాడారు. కట్టెలు దొరకని చోట నీరు కాచుకొని త్రాగగలగడం ఎంత పెద్ద విషయమో, కలరా విషజ్వరాల భయం గల ఆ కాలపు యాత్రికునికి చెప్పనక్కరలేదు.

ఇక బరువు అంటే నిజంగా ఎంత భారమో ఒక లెక్క వేసి చూద్దాము. మూట 20 కిలోలు అనుకొందాము. చదునైన తారు రోడ్డు మీద గాలి టైరుకు దొర్లుడు ఘర్షణ గుణకం సుమారు 0.005. కాబట్టి ఆ మూట కలిగించే అదనపు నిరోధం 20 × 9.8 × 0.005, అంటే ఒక న్యూటను కంటె కొంచెం తక్కువ. ఇది 100 గ్రాముల తూకపురాయిని చేతిలో పట్టుకొన్నంత. 100 కిలోమీటర్లు పోతే అయ్యే పని 98 కిలోజౌళ్ళు. మన కండరాలు తిన్న ఆహారశక్తిలో సుమారు నాల్గవవంతును మాత్రమే పనిగా మార్చగలవు గనుక, కావలసిన ఆహారం సుమారు 94 కిలోకెలోరీలు: ఇరవై ఏడు గ్రాముల బియ్యం! ఇంత మాత్రానికా ఆలెన్ బొత్తాములు కోసుకొన్నది?

ఆగండి, ఇప్పుడు కొండ ఎక్కుదాము. 1000 మీటర్ల ఎత్తుకు 20 కిలోలను ఎత్తడానికి 196 కిలోజౌళ్ళ పని కావాలి. బియ్యం లెక్కన ఇదీ యాభై నాలుగు గ్రాములే. కాని కాలాన్ని చూడాలి. దూరప్రయాణంలో సామాన్యుడు ఎడతెగకుండా ఇవ్వగలిగిన సామర్థ్యం 100 వాట్లు అనుకొంటే, ఆ మూట ఒక్కదానికోసమే అరగంటకు పైగా అదనంగా త్రొక్కవలసి ఉంటుంది. ఇసుకలో అయితే పైన చెప్పిన గుణకం పది రెట్లు, ఇంకా ఎక్కువ కూడా కావచ్చును. ఎడారిలో నీటిబావికీ, తరువాతి బావికీ మధ్య దూరం మారదు గదా. నీరు ఎక్కువ తీసుకొంటే నడక మందగిస్తుంది. నడక మందగిస్తే నీరు ఇంకా ఎక్కువ కావాలి. చదునైన రోడ్డు మీద లెక్కలోకి రాని బరువు ఇసుకలో ప్రాణాంతకం అయ్యేది ఇందుచేతనే. బొంబాయి నుండి 1923 అక్టోబరు 15 న ఆరుగురు పార్శీ యువకులు సైకిళ్ళ మీద ప్రపంచయాత్రకు బయలుదేరారు. వారిలో ఆది హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భూంగరా ముగ్గురూ 1928 మార్చిలో యాత్ర ముగించి తిరిగి వచ్చారు. బాగ్దాదు నుండి అలెప్పో వరకు ఎడారిలో వారు పడిన కష్టం ఈ లెక్క చెప్పే కష్టమే.

కొండలకు విరుగుడు కనిపెట్టడానికి పాటుపడినవారిలో ఫ్రాన్సు దేశపు పాల్ ద వివీని తలచుకోవాలి. వెలోసియో అనే మారుపేరుతో పత్రిక నడిపిన ఈయన, సెంట్ ఎతియెన్ పరిసరాల కొండలలో ఎన్నో గేర్లు గల సైకిళ్ళను పరీక్షిస్తూ జీవితం గడిపాడు. పందెపు సవారులు గేర్లను ముసలివారి ఆటవస్తువుగా ఎంచారు. టూర్ ద ఫ్రాన్స్ పందెంలో గేరుమార్పిడి యంత్రాన్ని 1937 దాకా అనుమతించనేలేదు. మూట మోసే యాత్రికునికి మాత్రం అది కావలసిన వస్తువు. 20 అంగుళాల గేరులో ఒక త్రొక్కుడుకు సాగే దూరం సుమారు ఐదు అడుగులే. నెమ్మదిగానైనా సీటు దిగకుండా కొండ ఎక్కవచ్చును.

ఐనా యంత్రం ఎంత సూక్ష్మమైతే అంత దూరాన దానికి వైద్యుడు ఉంటాడు. ఐర్లండుకు చెందిన డెర్వ్‌లా మర్ఫీ 1963 జనవరిలో ఒంటరిగా సైకిలు మీద బయలుదేరి ఆ జూలైకి ఢిల్లీ చేరింది. ఆమె ప్రయాణానికి ముందే తన సైకిలుకున్న గేరుమార్పిడిని ఊడదీయించింది. ఆసియా రోడ్ల మీద అది నిలవదని, చెడితే బాగుచేసేవారు ఉండరని ఆమె ఆలోచన. అదనపు టైర్లను మోయకుండా దారిలో ఉన్న రాయబార కార్యాలయాలకు ముందుగానే పంపించుకొన్నది. యుగోస్లావియా మంచులో తోడేళ్ళు మీదపడగా వెంట తెచ్చుకొన్న పిస్తోలు పనికి వచ్చింది. అంతకు ముప్పై ఏండ్ల పూర్వం, 1931 జూలైలో, సింగపూరు నుండి బయలుదేరిన వంగదేశీయుడు రామనాథ్ విశ్వాస్ దగ్గర ఉన్నవి రెండు శాలువలు, ఒక జత చెప్పులు, సైకిలు మరమ్మతు పెట్టె. మరమ్మతు పెట్టె మాత్రం వదలలేదు చూడండి. పానా, అతుకులు, సొల్యూషన్ - అన్నిటినీ వదలినవారు కూడా వీటిని వదలలేదు.

ఏమి తీసుకోవాలో తేలిన తరువాత ఎక్కడ కట్టాలి అన్న ప్రశ్న. దీనికి జవాబు చెప్పడానికి మన వీధిలోని పాలవాడు చాలు. అతడు నిండు క్యాన్లను క్యారియరు మీద పెట్టడు. క్యారియరుకు ఇరుప్రక్కలా, ఇరుసుకు దగ్గరగా వ్రేలాడదీస్తాడు. ఇది చక్రాల మీది కావడి. రెండు ప్రక్కలా సమానమైన బరువు, గరిమనాభి క్రిందుగా. చీరల మూటను క్యారియరు మీద నిలువెత్తున కట్టుకొన్న వర్తకుడు మలుపులో ఎంత జాగ్రత్తపడతాడో కూడా చూసే ఉంటారు. విదేశాలలో యాత్రికుల సైకిళ్ళకు ఇరుప్రక్కలా తగిలించే జోడుసంచుల సూత్రం కూడా ఇదే.

ఐతే బరువంతా వెనుకనే ఉంటే ముందు చక్రం తేలిపోయి హ్యాండిలు ఊగుతుంది. కొంత ముందు కట్టాలి, ఎక్కడ? దీనికి పాఠశాలలోనే ఒక ప్రయోగం చేయవచ్చును. లీటరు నీటి సీసాలు రెండు తీసుకొని హ్యాండిలు రెండు కొసలకూ కట్టండి. ముందు చక్రం నేలకు తాకకుండా ఒక స్నేహితుని ఎత్తి పట్టుకోమని, హ్యాండిలును అటూ ఇటూ త్రిప్పి చూడండి. తరువాత అవే సీసాలను క్రింద, ఫోర్కుకు ఇరుప్రక్కలా ఇరుసు దగ్గర కట్టి త్రిప్పండి. మొదటిసారి సీసాలు త్రిప్పుడు అక్షానికి 30 సెంటీమీటర్ల దూరాన, రెండవసారి 10 సెంటీమీటర్ల దూరాన ఉన్నాయనుకొంటే, జడత్వ భ్రామకం దూరపు వర్గాన్ని అనుసరిస్తుంది గనుక తొమ్మిదవవంతుకు తగ్గుతుంది. చేతికి ఆ తేడా వెంటనే తెలుస్తుంది. 1976 లో అమెరికా స్వాతంత్ర్య ద్విశతాబ్ది సందర్భంగా నాలుగువేల మందికి పైగా ఆ దేశపు రోడ్లమీద యాత్రా సైకిళ్ళు త్రొక్కారు. దాని తరువాతి సంవత్సరాలలో, ముందు ఇరుసు మట్టానికి సంచులు తగిలించే క్యారియర్లు అక్కడ వ్యాప్తికి వచ్చాయి.

సంచుల గుడ్డలో కూడా ఒక చిన్న విప్లవం వచ్చింది. 1930 ల నుండి ఇంగ్లండులో దిట్టమైన నూలు కిత్తానుతో సంచులు కుట్టేవారు. తడిసినప్పుడు నూలుపోగులు ఉబ్బి నేతలోని సందులను తామే మూసివేస్తాయి. ఇదే వాటిలోని రహస్యం. కాని గంటల తరబడి కురిసే వానకు అవి లొంగుతాయి, తడిసి బరువెక్కుతాయి. 1981 లో హార్ట్‌ముట్ ఓర్ట్‌లీబ్ అనే జర్మను యువకుడు ఇంగ్లండులో వానలో సైకిలు త్రొక్కుతూ, ప్రక్కనుండి పోతున్న లారీ మీది టార్పాలిను చూశాడు. తన సామాను తడుస్తున్నది, లారీలోని సామాను తడవడం లేదు. ఇంటికి పోయి టార్పాలిను గుడ్డతో సంచి కుట్టాడు. మరుసటి ఏడు కంపెనీ పెట్టాడు. తరువాత కుట్టుకు బదులు వేడితో అతికించే పద్ధతి వచ్చింది. సూది పోని చోట నీరూ పోదు.

గత ఇరవై ఏండ్లలో కొందరు యాత్రికులు క్యారియర్లనే వదలివేశారు. రాళ్ళదారులలో అవి విరుగుతున్నాయని, సంచులను సీటు వెనుక, హ్యాండిలు ముందు, చట్రపు త్రికోణంలో నేరుగా పట్టీలతో కట్టుకొంటున్నారు. త్రికోణపు సంచి ఆలెన్ జంట కుల్జాలో పారవేసినదే. హ్యాండిలు సంచి స్టీవెన్స్‌దే. గుడ్డ మాత్రం తోలు కాదు, నైలాను.

ఇక వారు అమ్మిన కెమెరా, వారు మోసిన డబ్బు, దారిపటము, ఉత్తరాలు అన్నీ ఈనాడు ఒక్క సెల్‌ఫోనులో ఉన్నాయి. దానికి విద్యుత్తు కావాలి. అందుకని ముందు చక్రపు ఇరుసులోనే చిన్న డైనమో అమర్చుతున్నారు. దాని ఉత్పత్తి సామాన్యంగా 6 వోల్టుల వద్ద 3 వాట్లు. ఫోను బ్యాటరీలో పట్టేది 15 వాట్-గంటలు అనుకొంటే, మార్పిడిలో పోయే నష్టం కూడా కలుపుకొని, అది నిండడానికి ఆరేడు గంటలు సైకిలు త్రొక్కాలి. అంటే దాదాపు ఒక పగటి ప్రయాణము.